నాడా మిషను మీద మూత్రనాళం

పైజామా నాడాలు అల్లే మిషను మీద మనిషి మూత్రనాళాన్ని అల్లించినవాణ్ణి నేనే. ఈ మాట ఎక్కడ చెప్పినా జనం నవ్వేసి, ఇంకో కోత కోయమంటారు. వాళ్ల తప్పేం లేదు. శంషాబాద్ రన్‌వే మీద గడ్డి బాగుందని మా చుట్టాల గేదెను రాత్రికి రాత్రి అక్కడ మేపుకొచ్చానని ఒకప్పుడు చెప్పాను. మైలార్‌దేవ్‌పల్లిలో మా వీధి కుక్క కిరాయిదారుల్ని చూసి ఒకలాగా, ఇంటి ఓనర్లను చూసి ఒకలాగా మొరుగుతుందని ఇప్పటికీ చెబుతున్నాను. (ఇది నిజమే.) కానీ నాడా మిషను సంగతి మాత్రం జరిగింది. అందులో నేను కోసిన పెద్ద కోతలు రెండే. ఆ రెండూ కలిసి ఒక మనిషి ఒంటిమీదికి వచ్చాయి. ప్రయోగశాలల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. అందరూ బతికే ఉన్నారు, కొందరికి కోపం కూడా బతికే ఉంది.

మాది విమానాశ్రయం దగ్గర ఒక చిన్న సంస్థ. డాబా ఎక్కితే విమానాల పొట్ట మీది మరకలు కనిపించేవి. శరీరంలో పాడైన భాగాలు మళ్లీ పెరగడానికి ఆసరాగా ఉండే పదార్థాలు తయారుచేయడం అక్కడి పని. నేను బీకామ్ చదివి, సామాన్లు కొనే ఉద్యోగంలో చేరాను. రెండో నెల నుంచే పెళ్లిళ్లలో "మా పరిశోధన" అనడం మొదలుపెట్టాను.

పరిశోధన నిజానికి మా మేడమ్‌ది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది, కృష్ణా జిల్లా మనిషి. ఆవిడకు కోపం వస్తే గొంతు పెరగదు, 'అండీ'లు పెరుగుతాయి. ఒక వాక్యంలో మూడు వినబడ్డాయంటే నేను ఏదో కొటేషన్ గుర్తొచ్చినట్టు లేచి బయటికి వెళ్లిపోయేవాణ్ణి.

ఆవిడ పట్టుకున్న సమస్య ఏమిటంటే, ప్రమాదంలో తెగిపోయిన మూత్రనాళం. ఇలాంటి చోట వైద్యులు రోగి బుగ్గ లోపలి పొరను కోసి అతుకుతారు. బుగ్గకీ ఆ చోటుకీ ఏం చుట్టరికం మేడమ్ అని అడిగితే, రెండూ ఎప్పుడూ తడిగా ఉండే చోట్లే కదా అంది. అతుకు చిన్నదైతే బుగ్గ సరిపోతుంది. నాళం జానెడు పోయిందంటే రెండు బుగ్గలూ చాలవు. అందుకని పట్టుతో సన్నటి గొట్టం చేసి, రోగి బుగ్గ నుంచి చిటికెడు కణాలు తీసి, గొట్టం మీద పెంచి, దాన్నే లోపల కుట్టాలని ఆవిడ ఆలోచన. పందిరి మీద బీరతీగ పాకినట్టు కణాలు పాకుతాయి. తీగ నిలదొక్కుకున్నాక పందిరి నెమ్మదిగా కరిగిపోతుంది. సోడాలో ఉడకబెట్టి జిగురంతా తీసేసిన పట్టుతో మన ఒళ్లు పెద్దగా తగవు పెట్టుకోదట.

గొట్టం తయారైంది. నిటారుగా ఉన్నంతసేపూ ముత్యంలా ఉండేది. వంచితే మధ్యలో నొక్కుకుపోయి మూసుకునేది, పెరట్లో నీళ్లు పట్టే పైపు మడతపడినట్టు. మనిషిలో ఆ నాళం ఒకచోట బాగానే వంగుతుంది. మేడమ్ గట్టిది చేస్తే విరిగింది, మెత్తటిది చేస్తే నొక్కుకుపోయింది. ఏడాదిపాటు ఇదే వరస.

ఒక ఆదివారం మా ఇంట్లో ఉతికిన పైజామాకి నాడా ఎక్కిస్తున్నాను. నాడా కొసకి గుచ్చిన పిన్నీసు జారి, నడుము మడతలోకి పోవాల్సింది పోయి నాడా లోపలికే దూరింది. లాగి చూస్తే నాడా లోపల బోలు. వేలికి చుట్టాను, మెలిపెట్టాను. అల్లిక పోగులు ఒకదాని మీద ఒకటి జరిగి చోటిచ్చాయే తప్ప, గొట్టం మూసుకోలేదు. సోమవారం ఆ నాడాను మేడమ్ బల్ల మీద పెట్టాను. ఉతికిందేనాండీ అని ఒక్క ప్రశ్న అడిగి, దాన్ని భూతద్దం కింద పెట్టుకుని, మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన శాస్త్ర సేవ అంతా ఆ పిన్నీసే.

మైలార్‌దేవ్‌పల్లి పక్కనే కాటేదాన్. అక్కడి రేకుల షెడ్డుల్లో దొరకని యంత్రం లేదు. ఒక షెడ్డులో నాడాలు, బూట్ల లేసులు అల్లే పెద్దాయన దొరికాడు. అరవై దాటిన మనిషి, నేత కుటుంబం, మగ్గం వదిలేసి మిషన్లు పెట్టుకున్నాడు. ఆ మిషను చూసి తీరాలి. పదహారు కండెలు జడకోలాటం ఆడే పిల్లల్లా ఒకదాన్నొకటి తప్పించుకుంటూ గుండ్రంగా తిరుగుతుంటాయి, మధ్యలోంచి నాడా పైకి లేచి వస్తుంటుంది.

నేను తెచ్చిన పట్టు పోగును ఆయన వేళ్లతో నలిపి చూశాడు. నాకు టీ తెప్పించాడు. "గింత మంచి పట్టుతోని నాడానా? దేనికి సారూ?" అన్నాడు.

నిజం చెప్పాలనే నోరు తెరిచాను. మిషనుకు కుంకుమ బొట్టు, బంతిపూల దండ. ఊదుబత్తి పొగ ఇంకా తేలుతోంది. పక్కనే ఆయన కోడలు నాడాలు డజన్ల లెక్కన కట్టలు కడుతోంది. కోడలి ముందు ఆ పెద్దాయనకు, ఆ పూలదండ కింద, మూత్రం పోసే గొట్టమని ఎలా చెప్పను? అన్నం పెట్టే మిషను మీద ఆ పనేంటి, లెమ్మంటే? సరిగ్గా అప్పుడే షెడ్డు రేకులు దడదడలాడిస్తూ ఒక విమానం దిగుతూ పోయింది.

"దానికి" అన్నాను, వేలు పైకి చూపించి.

మొదటి కోత అదే. ఇంధనం పోయే గొట్టానికి తొడుగనీ, ఇది రహస్యమనీ, ఎవరికీ చెప్పొద్దనీ కలిపాను. ఆయన ఆ విమానం చప్పుడు పూర్తిగా ఆగేదాకా పైకే చూసి, లోపలికి వెళ్లి చేతులు కడుక్కొని వచ్చాడు.

ఆ తరవాత అబద్ధానికి నేను శ్రమపడాల్సిన అవసరమే రాలేదు. షెడ్డులో ఒక మూల అద్దాల గది కట్టించి, తెల్ల కోటు, టోపీ, మూతికి గుడ్డ ఇస్తే, ఇంధనంలో దుమ్ము పడితే ప్రమాదమే కదా అని ఆయనే నాకు నచ్చజెప్పాడు. రహస్యం కాబట్టి కాటేదాన్ అంతటికీ ఒక్కొక్కరి చెవిలో విడివిడిగా చెప్పుకున్నాడు. అద్దాల గదిలోకి ఆయన తప్ప ఎవరూ అడుగుపెట్టకూడదు. నేనూ ఊరికే ఉండక, మొన్న ఒక పైలట్ నీ గురించి అడిగాడన్నా అనేవాణ్ణి. మేడమ్ వచ్చి చూస్తానన్నప్పుడల్లా, కాటేదాన్ రోడ్డు తవ్వేశారని చెప్పేవాణ్ణి. ఆ రోడ్డు విషయంలో నేను ఎప్పుడు చెప్పినా అది నిజమే అయ్యేది.

గొట్టం వంగింది, మూసుకోలేదు. కుందేళ్లలో నిలిచింది, పెద్ద జంతువుల్లో నిలిచింది. మనిషికి పెట్టడానికి అనుమతులు రావడానికి పట్టిన కాలంలో నా తల ముందు భాగం మైదానమైంది. చివరికి అనుమతీ వచ్చింది, మనిషీ దొరికాడు.

మామిడిపల్లి మనిషి, ట్రాలీ ఆటో డ్రైవరు, నలభై ఏళ్లు. మహేశ్వరం వైపు కొత్తగా లేస్తున్న ఫ్యాక్టరీల దగ్గర ఇనుప సామాను దించుతుంటే ఆటో ఒరిగి మీద పడింది. నడుము ఎముక విరిగి, నాళం తెగింది. రెండు ఆపరేషన్లు ఫలించలేదు. పొత్తికడుపులోంచి ఒక పైపు, దాని కొసకి ఒక సంచి. రెండేళ్లుగా ఆ సంచిని చీరల దుకాణం వాళ్ల గుడ్డ సంచిలో దాచి తిరుగుతున్నాడు. పెళ్లికి పోడు, బస్సెక్కడు, టీ హోటల్ ముందు నిలబడడు. మొదటిసారి దవాఖానలో కలిసినప్పుడు ఆయన కోరిక ఏమిటని సర్జను అడిగితే, నేల వైపు చూస్తూ, నలుగురు మగోళ్లతోటి నిలబడి పోస్తే చాలన్నాడు.

మేడమ్ అన్నీ విడమర్చి చెప్పింది, ఈ గొట్టం మనుషుల్లో మొదట పెడుతున్నది ఆయనకే అని కూడా. భార్యాభర్తలు తల ఊపారు. తరవాత వరండాలో ఆయన నన్ను పట్టుకుని, నిజంగనే నేనే మొదటోన్నా సారూ అని బిక్కమొహం పెట్టాడు. ఆ మొహం చూడలేక రెండో కోత కోశాను. బెంగళూరులో ఒకాయనకి ఎప్పుడో పెట్టారనీ, ఆయన ఇప్పుడు పోటీలకి దిగితే గోడ దాటుతుందనీ చెప్పాను. మొగుడు నవ్వాడు. భార్య నవ్వలేదు. నా మొహంలోకి చూసింది.

బుగ్గ కణాలు తీశారు. ఇన్నేళ్లు పాన్ నమిలిన బుగ్గ ఇప్పుడు గక్కడ పనికొస్తదా అని ఆయన సర్జన్‌ని నవ్వించాడు. మా ప్రయోగశాలలో కణాలు పెరుగుతున్నాయి. ఈలోగా ఆయన కోసం అల్లిన గొట్టాలు కాటేదాన్ నుంచి వచ్చాయి. బలం చూసే పరీక్షలో అవి అంతకు ముందెన్నడూ రానంత గట్టిగా వచ్చాయి. అందరం మిఠాయి తిన్నాం. పిల్లలూ, ఇది రాసి పెట్టుకోండి: అంకె పడిపోతే పది మంది పరిగెత్తుకొస్తారు, పెరిగితే ఎందుకు పెరిగిందని ఎవడూ అడగడు. మేమూ అడగలేదు.

కణాలు మరో మూడు రోజుల్లో గొట్టం మీదికి ఎక్కించాలనగా, మేడమ్ ఆ దంపతుల్ని మళ్లీ పిలిచింది. చేత్తో ముట్టుకుంటే ధైర్యం వస్తుందని, ఆయన కోసం వచ్చిన అల్లికలోంచి ఒక ముక్క తెచ్చింది. భార్య దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇది అసలు పట్టేనా అని అడిగింది. స్వచ్ఛమైన పట్టేనమ్మా అన్నాను నేను, చాలా ధీమాగా.

"పట్టయితే కాలిస్తె ఎంటికల వాసన రావాలె. మా అక్క పెండ్లికి చీరెలు గట్లనే చూసినం. జర అగ్గిపెట్టె ఉంటె ఇయ్యుండ్రి."

సర్జన్‌కి సరదా వేసింది. అందరం వరండాలోకి వెళ్లాం. ఆవిడ ముక్క కొసని గోటితో విప్పి, ఒక పోగు లాగి వెలిగించింది. కాలిన వెంట్రుకల వాసన, వేలితో నలిపితే నల్లటి పొడి. చూశారా అన్నాను. ఆవిడ ఇంకో పోగు లాగింది. దుకాణపోడు పైన మంచి పోగే చూపిస్తడు, లోపలివి గూడ చూడాలె అంది. మూడు, నాలుగు, అయిదు. ఆరో పోగు మంటకు దగ్గరికి పోగానే ముడుచుకుపోయి, కొసన ఆవగింజంత గుండులా గట్టిపడింది. వాసన కాలిన బిందెది, ప్లాస్టిక్ బిందెది.

ఆవిడ ఆ గుండును గోటి మీద పెట్టుకుని నాకు చూపించింది.

"సారూ, ఇది పట్టు గాదు. మా ఆయన లోపల పెడ్తనన్నది గిదేనా?"

సర్జను ఆ గుండును తీసుకుని, మూత్రం తగిలే చోట కరగని దారం ఒక్కటున్నా దాని చుట్టూ రాయి కడుతుందని, మచ్చ పడి మళ్లీ మూసుకుపోతుందని మెల్లగా అన్నాడు. మళ్లీ మూసుకుపోతే ఆ మనిషికి ఇంకో ఆపరేషన్‌కి చోటు లేదు. సంచే గతి, జీవితాంతం.

మేడమ్ నా వైపు తిరిగింది. "ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందండీ? మీకు తెలుసాండీ? పదండీ."

మూడు అండీలు. వెళ్లిపోవడానికి కొటేషన్లేవీ గుర్తుకు రాలేదు. కారులో కాటేదాన్‌కి బయలుదేరాం. రోడ్డు నున్నగా ఉంది. అది కూడా ఆవిడ చూసింది.

పెద్దాయన మమ్మల్ని చూసి సంబరపడ్డాడు. నైలాన్ పోగు సంగతి అడగ్గానే దాచలేదు సరికదా, ఛాతీ పొంగింది. ఈసారి సరుకు ముఖ్యమైందని నేను చెప్పానట. పట్టు తడిస్తే బలం తగ్గుతుందని నేత పిల్లవాడికి కూడా తెలుసట. అందుకని ఎవరూ అడగకుండానే, తన సొంత ఖర్చుతో, పదహారింటిలో ఒక కండెకి సన్నటి నైలాన్ చుట్టాడు. "గన్ని వందల మంది కూసుంటరు. తెగితే పాపం ఎవలకు?" అన్నాడు.

"ఎక్కడ కూర్చుంటారండీ?" అంది మేడమ్.

"ఇమానంల, అమ్మా."

మేడమ్ విమానాశ్రయం వైపు చూసింది, అద్దాల గది వైపు చూసింది, చివరికి నన్ను చూసింది. ఇంక కోయడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. అది విమానానికి కాదనీ, మామిడిపల్లిలో ఒక మనిషి మూత్రం పోసుకోవడానికనీ, చెప్పడానికి సిగ్గుపడి నేనే అబద్ధం ఆడాననీ, కోడలి ముందే చెప్పాను.

మిషను దగ్గర్నుంచి తరిమేస్తాడనుకున్నాను. ఆయన తలమీది తెల్ల టోపీ తీసి, మడతపెట్టాడు.

"ఇమానానికని ఏసిన, సారూ. దానికి నొప్పి ఉండదు. మనిషికని చెప్తే ఏద్దునా? మా తోడల్లుడు గదే బాధతోని పోయిండు. మనిషికంటే పైస తీసుకోకుంట ఊకెనె చేసిద్దును గద."

కోడలు కట్టలు కట్టడం ఆపి, మామకి మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఇన్నాళ్లూ ఆమె ముందు ఏ మాట చెప్పకూడదనుకున్నానో, ఆమె దాన్ని విని రెప్ప కూడా వేయలేదు.

ఆయన నన్ను బయట కూర్చోమన్నాడు. మేడమ్‌ని మాత్రం లోపలికి పిలిచి, ఎంత లావు, ఎంత పొడుగు, ఎక్కడ వంగాలి, కుట్టు ఎక్కడ పడుతుంది, అన్నీ మొదటిసారిగా అడిగి తెలుసుకున్నాడు. వంగే చోట అల్లిక వదులుగా, కుట్టు పడే కొసల్లో బిగువుగా ఉండాలని ఆయనే అన్నాడట. ఈ సంగతి మాకు ఎవరికీ తట్టలేదు. గొట్టం దేనికో తెలిసి ఉంటే ఆయన మొదటిరోజే చెప్పేవాడు. రోజంతా మిషను నడకను సగానికి తగ్గించి, చేత్తో పట్టుకున్నట్టు నడిపించాడు. నేను బయట స్టూలు మీద కూర్చుని విమానాలు లెక్కపెట్టాను.

మర్నాడు మేడమ్ నన్ను మామిడిపల్లి పంపింది. జరిగింది నేనే చెప్పాలంది, ఒక్కణ్ణే. చెప్పాను. భార్య చివరిదాకా విని, ఒకే ప్రశ్న అడిగింది.

"మరి బెంగుళూరాయన? గాయన గూడ ఇమానమేనా?"

అవునన్నాను. అలాంటివాడు లేడనీ, మేడమ్ చెప్పిందే నిజమనీ, నీ మొగుడే మొదటివాడనీ అన్నాను. ఇష్టం లేకపోతే ఇప్పుడైనా మానుకోవచ్చనీ, ఎవరూ ఏమీ అనరనీ కూడా చెప్పాను. ఆ మాటలు చెబుతుంటే నాలుక వేరేవాళ్లది పెట్టినట్టుంది. అలవాటు లేదు కదా.

ఆవిడ నన్ను తిడుతుందని చూశాను, తిట్టలేదు. తిడితే బాగుండేది. మొగుడి వైపు తిరిగి, నీ ఒళ్లు, నువ్వే చెప్పు అంది. ఆయన మంచం మీద సంచి సర్దుకున్నాడు.

"ఎవడో ఒకడు మొదటోడు గావాలె గద" అన్నాడు. "గాని అబద్ధం చెప్పి చేస్తె గాకపోదును. ఇప్పుడు అయిత."

ఆవిడ ఒక షరతు పెట్టింది. కొత్త అల్లిక ముక్కలో పదహారు పోగులూ తానే కాలుస్తానంది. ప్రయోగశాలలో లక్షలు పోసి కొన్న యంత్రాలున్నాయి, మేడమ్ వాటన్నిటిలోనూ పరీక్ష చేయించింది. అయినా ఆవిడ వచ్చి, గేటు బయట నేల మీద కూర్చుని, ఒక్కో పోగూ కాల్చింది. పక్కనే పెద్దాయన గొంతుక్కూర్చుని, పోగు పోగుకీ ఆవిడ వేళ్ల వంకే చూశాడు. పదహారోది పొడి అయ్యాకే ఆవిడ లేచి చీర దులుపుకుంది. ఆ రోజు నుంచి మా కాగితాల్లో పరీక్షల జాబితాలో అగ్గిపుల్ల కూడా చేరింది. నా మీద రాసిన మెమో కూడా ఆ ఫైల్లోనే ఉంటుంది. అందులో మేడమ్ రాసిన వాక్యం, పని చేసేవాడికి పని ఎందుకో చెప్పలేదు అని. సామాన్లు కొనే పని నా దగ్గర్నుంచి తీసేశారు. రెండేళ్లకి నేనే ముందుగా ఉద్యోగం మానుకున్నాను. అలా కాదు, విమానాలు కొనే సంస్థవాళ్లు బతిమాలి పిలిచారని మా వీధిలో చెప్పుకుంటారు. ఎవరు పుట్టించారో తెలియదు.

ఆపరేషను అయింది. లోపల మానేదాకా మూడు వారాలు పైపుతోనే ఉంచారు. పైపు తీసిన రోజు పొద్దున పెద్దాయన ఇస్త్రీ చొక్కాతో దవాఖానకి వచ్చాడు. రమ్మని ఎవరూ పిలవలేదు. రోగి చేత నీళ్లు తాగించారు, ఇంకా తాగించారు. వస్తున్నట్టుందని ఆయన లేచి, గోడ పట్టుకుంటూ బాత్రూముకి పోయి తలుపేసుకున్నాడు.

బయట మేము అయిదుగురం. సర్జను గడియారం చూస్తున్నాడు. మేడమ్ చేతులు కట్టుకుని గోడకి ఆనుకుంది. పెద్దాయన తలుపు వైపు చూడటం మర్యాద కాదని కిటికీ వైపు చూస్తున్నాడు. నేను మాట్లాడలేదు; అది నా జీవితంలో అరుదైన సందర్భం. లోపల చాలాసేపు ఏమీ లేదు. భార్య కొంగు కొసను వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది.

అప్పుడు నీళ్లు పడుతున్న చప్పుడు వచ్చింది. ధారగా, ఆగకుండా. మొహం కడుక్కుంటున్నాడని అందరం అనుకున్నాం. పని కాలేదు కాబోలని సర్జను గడియారం మీంచి చూపు తీసేశాడు. భార్య కళ్లు తుడుచుకుని, తలుపు దగ్గరికి పోయి, ఎప్పట్లా కసిరింది.

"నల్లా బంద్ జెయ్యి, నీళ్లన్నీ ఊకెనె పోతున్నయ్."

ధార ఆగలేదు.

"నల్లా నేనింకా ఇప్పనే లేదే" అన్నాడు లోపలి నుంచి.